ఎంప్లాయ్‌మెంట్ కార్డు నుంచి ఆఫర్ లెటర్ దాకా: ఉపాధి ఆఫీసులను వాడుకునే దారి

ఇంటర్ ఫలితాలు రాగానే జిల్లా కేంద్రానికి బస్సెక్కి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ ముందు క్యూ కట్టి, కార్డు రాయించుకుని రావడం మా అన్నల తరానికి ఒక తంతు. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ పోతుందని క్యాలెండర్ మీద సున్నా చుట్టి పెట్టేవాళ్లు. ఆ కార్డు ఇప్పటికీ చాలా ఇళ్లలో సర్టిఫికెట్ల ఫైలులో అడుగున ఉంటుంది. దాని మీద కాల్ లెటర్ అందుకున్నవాళ్లు మాత్రం ఊరికి ఒకరిద్దరు. అందుకే ఇప్పటి పిల్లలకు ‘ఒకసారి ఉపాధి ఆఫీసుకు వెళ్లిరా’ అంటే నవ్వొస్తుంది.

ఆ నవ్వులో సగం న్యాయం ఉంది. మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను. కొన్నేళ్లు ఒక శిక్షణ కేంద్రంలో ప్లేస్‌మెంట్లు చూశాను. ఊళ్లు తిరిగి పిల్లల్ని పోగుచేయడం, కంపెనీల గేట్ల దగ్గర హెచ్‌ఆర్‌ల కోసం కాచుకోవడం, చేరిన నెలకే మూటాముల్లె సర్దుకొచ్చిన వాళ్లను మళ్లీ బతిమాలడం, అన్నీ చేశాను. ఖాళీ ఎక్కడుందో తెలిసిన ఆఫీసు ఒకటి, శిక్షణ ఇచ్చే ఆఫీసు ఇంకొకటి, మీ పేరు రాసుకునే ఆఫీసు మరొకటి. జీవోల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి. జిల్లాలో చూస్తే ఒకదాని సంగతి ఇంకొకదానికి పట్టదు. కలుపుకోవాల్సింది మనమే. కలుపుకోవాలంటే చివరి నుంచి మొదటికి నడవాలి: ముందు ఏ ఖాళీయో, దానికి ఏ శిక్షణో తేల్చుకోవాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. ఎక్కువమంది రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టి అక్కడే కూర్చుండిపోతారు.

కార్డు బలం ఎందుకు తగ్గిందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పని చూపించడానికి 1945లో ఈ వ్యవస్థ పుట్టింది. 1959లో వచ్చిన చట్టం ప్రభుత్వ సంస్థలూ, 25 మంది అంతకుమించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్‌ఛేంజీకి తెలపాలంది. తెలపాలంది గానీ, అక్కడి నుంచి వచ్చినవాళ్లనే తీసుకోవాలని అనలేదు. ఇక 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎక్స్‌ఛేంజీ పంపిన పేర్లకే పరిమితమైతే అర్హులైన మిగతావాళ్లకు అన్యాయం, పత్రికల్లోనూ ప్రకటించి అందరినీ పరిశీలించాలని కోర్టు చెప్పింది. ఆ రోజుతో సీనియారిటీ లిస్టుకున్న మహత్తు సగం పోయింది. ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రత కోడ్ వీటికి కెరీర్ సెంటర్లని కొత్త పేరు పెట్టింది. బోర్డు మారినంత వేగంగా లోపలి పని మారుతుందా అనేది వేరే కథ.

మొదటి అడుగు: ఏ తలుపు దేనికో తెలుసుకోండి

పల్లెల్లో ఉండేవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి తలుపు మండల కేంద్రంలోని డ్వాక్రా సంఘాల ఆఫీసు. ఆంధ్రలో వెలుగు ఆఫీసంటారు, తెలంగాణలో ఐకేపీ ఆఫీసంటారు. అమ్మో అక్కో సంఘంలో ఉంటే ఆ ఇంటి పిల్లలకు ఇక్కడ పని సులువు. గ్రామీణ యువతకు ఉచితంగా, చాలాచోట్ల హాస్టల్‌తో సహా శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపించే కేంద్ర పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఈ దారిలోనే వస్తుంది. 2014 సెప్టెంబరు 25న మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల పేద గ్రామీణ యువతకు ఇది వర్తిస్తుంది. ఆడవాళ్లకూ దివ్యాంగులకూ 45 ఏళ్ల దాకా సడలింపు ఉంది. ఆంధ్రలో దీన్ని నడిపే ప్రభుత్వ సంస్థ సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం. రెండూ ఒక గూటి పక్షులే. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ప్రాంతంలో మొదలైన ఈజీఎంఎం విభజన తర్వాత తెలంగాణకు మిగిలింది, ఆంధ్ర తనది తాను కట్టుకుంది. జిల్లాలో దీని బాధ్యత చూసే మనిషిని జేడీఎం (జాబ్స్ డిస్ట్రిక్ట్ మేనేజర్) అంటారు. వెలుగు, ఐకేపీ ఆఫీసులో ఉండే ఏపీఎంను అడిగితే నంబరు ఇస్తారు. ఏ కేంద్రంలో ఏ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కచ్చితంగా తెలిసేది ఆయనకే.

చదువుకున్న పిల్లలకు, ముఖ్యంగా డిగ్రీ, డిప్లొమా, ఇంజినీరింగ్ వాళ్లకు, ఆంధ్రలో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉంది. జిల్లాల్లో జాబ్ మేళాలు ఎక్కువగా దీని పేరు మీదే జరుగుతాయి. తెలంగాణలో కాలేజీ విద్యార్థులకు టాస్క్ అనే ప్రభుత్వ నైపుణ్య సంస్థ ఉంది. అది కాలేజీతో ముడిపడి నడుస్తుంది కాబట్టి ముందు మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సార్‌ను అడగండి. డీట్ పేరుతో తెలంగాణకు సొంత డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ కూడా ఉంది. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు సెట్విన్ గురించి చెప్పక్కర్లేదు. ఆ పేరు వింటే చాలామందికి చిన్న బస్సులే గుర్తొస్తాయి గానీ, 1978లో పుట్టిన ఆ సంస్థ అసలు పని జంటనగరాల యువతకు శిక్షణ, ఉపాధి.

ఉద్యోగం కాదు, సొంతంగా షాపు పెట్టుకుంటానంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు వెళ్లాలి. జిల్లాలో బ్యాంకులన్నిటి పనినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకును అడిగితే చిరునామా చెబుతారు. సెల్‌ఫోన్ రిపేరు, కుట్టు, పాడి, బ్యూటీ పార్లర్ లాంటివి ఉచితంగా నేర్పి, శిక్షణ తర్వాత రెండేళ్ల దాకా మీ వెంట ఉండి బ్యాంకు రుణం వచ్చేలా చూడటం వాళ్ల పని. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా హాస్టల్ పెట్టి ఉచితంగానే నేర్పుతుంది. వెళ్లి చూస్తే మీకే ఒక అంచనా వస్తుంది.

ఎక్కువమందికి తట్టని తలుపులు ఇంకొన్ని ఉన్నాయి, నా లెక్కలో మేలైనవి అవే. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, ప్లాస్టిక్ పరిశ్రమకు మనుషుల్ని తయారుచేసే సీపెట్ (హైదరాబాద్‌లోనూ విజయవాడ దగ్గరా ఉంది), నిర్మాణ పనులు నేర్పే న్యాక్. ఇక్కడ మిషన్లు నిజంగా ఉంటాయి, నేర్పేవాళ్లకు పని వచ్చు. కొన్ని కోర్సులకు ఫీజుంటుంది, కొన్ని ప్రభుత్వ పథకాల కింద ఉచితం. ఫీజు పెట్టి చేరినా నష్టపోయినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. దివ్యాంగులకు హైదరాబాద్ విద్యానగర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక కెరీర్ సెంటర్ ఉంది. ఎస్సీ ఎస్టీ యువతకు కోచింగ్, కంప్యూటర్ శిక్షణ ఇచ్చే సెంటర్లూ వేరుగా ఉన్నాయి.

రెండో అడుగు: ఖాళీ దగ్గర్నుంచి వెనక్కి రండి

ఇక్కడే ఎక్కువ సేపు ఆగుదాం. అన్నిటికీ మూలం ఇదే.

ఒక నోటుబుక్కు తీసి మీ ఊరి నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, గోదాములు, హోటళ్లు, షోరూములు రాయండి. తర్వాత హాస్టల్ ఉంటే వెళ్లగలిగిన దూరంలో ఉన్నవి రాయండి. నెల్లూరు, చిత్తూరు వైపు పిల్లలకు శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. అనంతపురం వైపు వాళ్లకు ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా, దానికి విడిభాగాలిచ్చే చిన్న కంపెనీలు. అనకాపల్లి వైపు అచ్యుతాపురం, పరవాడ. వరంగల్ వాళ్లకు గీసుగొండ దగ్గర కాకతీయ టెక్స్‌టైల్ పార్కు. సంగారెడ్డి వాళ్లకు పటాన్‌చెరు, పాశమైలారం, జహీరాబాద్. పాలమూరు వైపు నుంచి షాద్‌నగర్, కొత్తూరు.

పెద్ద కంపెనీ పేరు వినగానే అందరూ దాని గేటు దగ్గరికే పోతారు. దాని చుట్టూ ఉండే చిన్న కంపెనీల్లో పని త్వరగా దొరుకుతుంది, పని కూడా ఎక్కువ నేర్చుకుంటారు. వెల్డింగ్ నేర్చుకున్న కుర్రాడు పెద్ద ఫ్యాక్టరీలో ఏడాదంతా ఒకే జాయింటు అతుకుతూ ఉంటే, చిన్న షెడ్డులో చేరినవాడు ఆరు నెలల్లో నాలుగు రకాల పని పట్టేస్తాడు.

ఇప్పుడు ఆ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లను పట్టుకోండి. మీ మండలం నుంచి అక్కడ పనిచేస్తున్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాళ్లను నాలుగు ముక్కలు అడగండి: షిఫ్టు ఎన్ని గంటలు, నెలాఖరున చేతికెంత వస్తోంది, కంపెనీ రోల్సా కాంట్రాక్టరు రోల్సా, మనుషుల్ని ఏ నెలలో ఎక్కువ తీసుకుంటారు. ఈ నాలుగింటికి జవాబు దొరికితే ఏ వెబ్‌సైటూ ఇవ్వని సమాచారం మీ చేతిలో ఉన్నట్టే. ఆ తర్వాత జిల్లా ఉపాధి ఆఫీసుకో జేడీఎం దగ్గరికో వెళ్లి ‘సార్, ఏదైనా ఉద్యోగం ఉంటే చెప్పండి’ అనకండి. ‘ఫలానా కంపెనీకి మీరు పంపుతున్నారా, ఏ కోర్సు చేస్తే పంపుతారు’ అని అడగండి. అడిగే తీరు మారితే జవాబు మారడం నా కళ్లతో చూశాను. ఎవరికైనా స్పష్టంగా అడిగేవాడికే సాయం చేయబుద్ధవుతుంది.

మూడో అడుగు: కాగితాలు, రిజిస్ట్రేషన్

ఇది ఒక పూట పని. ఆధార్, పదో తరగతి మెమో, రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం, నాలుగు ఫొటోలు. పదో తరగతి మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు, పుట్టినతేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండి, చేరాక పీఎఫ్ దగ్గర చిక్కుకున్న పిల్లలు లెక్కలేనంతమంది.

మూడుచోట్ల నమోదు చేసుకుంటే చాలు. మీ రాష్ట్ర ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ వెబ్‌సైటు, కేంద్ర కార్మిక శాఖ 2015 జూలైలో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్, శిక్షణలన్నీ ఒకచోట కనిపించే స్కిల్ ఇండియా డిజిటల్ హబ్. మూడూ ఉచితమే. ఫోన్ నంబరు మాత్రం మీదే ఇవ్వండి. మీసేవలో, నెట్ సెంటర్లో కూర్చున్న కుర్రాడి నంబరుతో నమోదైతే కంపెనీ నుంచి వచ్చే మెసేజ్ అతనికే పోతుంది.

ఇంకో మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ శిక్షణ కేంద్రానికీ, ఏ కంపెనీకీ, ఏ ఏజెంటుకూ అప్పగించకండి. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. ‘మధ్యలో మానేస్తారని పెట్టుకుంటాం’ అంటే ఆ చోటు మీది కాదనుకోండి.

నాలుగో అడుగు: శిక్షణ కేంద్రాన్ని మీరే ఇంటర్వ్యూ చేయండి

ఉచిత శిక్షణ కేంద్రాలను చాలావరకు ప్రభుత్వం నేరుగా నడపదు. ప్రైవేటు సంస్థలకు అప్పగిస్తుంది, డబ్బు విడతలవారీగా ఇస్తుంది. గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ ముగించినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్నది నిబంధన. ఆఖరి విడతల డబ్బు ఆ లెక్క చూపిస్తేనే వస్తుంది. ఈ ఏర్పాటు మంచిదే. కానీ దీనివల్లే ఒక జబ్బు కూడా వచ్చింది. బ్యాచ్ నింపాలని ఊళ్లోకొచ్చి ‘ఏసీ రూములో ఉద్యోగం’ అంటారు. చివర్లో లెక్క తేలాలని దొరికిన కొలువులో తోసేస్తారు. రిటైల్ కోర్సు చేసిన అమ్మాయిని ప్యాకింగ్ లైన్‌లో పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. ఆ తప్పులో నా వాటా కూడా కొంత ఉందని ఒప్పుకుంటాను. నెలాఖరుకు ప్లేస్‌మెంట్ సంఖ్య చూపించాల్సిన ఒత్తిడి ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

అందుకని చేరే ముందు ఒక పగలంతా అక్కడ గడపండి. ఈ కోర్సులో పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు, ఐదుగురి ఫోన్ నంబర్లు ఇవ్వగలరా అని అడగండి. నంబర్లిస్తే వాళ్లకు మీరే ఫోన్ చేయండి. నంబర్లు ఇవ్వడానికి నసిగితే అదే జవాబు. ల్యాబ్‌లోకి వెళ్లి మిషన్ల మీద దుమ్ముందో లేదో చూడండి. ఎలక్ట్రీషియన్ కోర్సంటూ గోడమీద చార్టులు తప్ప వైరు ముక్క కనిపించకపోతే మూడు నెలలు ఏం నేర్పుతారు? హాస్టల్లో భోజనం ఒక పూట తిని చూడండి, ఆడపిల్లల హాస్టలైతే వార్డెన్ రాత్రి ఉంటుందా లేదా అడగండి. అప్పటికే చదువుతున్న పిల్లల్ని పక్కకు పిలిచి మాట్లాడండి, అరగంటలో నిజం బయటకొస్తుంది.

సర్టిఫికెట్ ఎవరిస్తారో కూడా అడగాలి. దాని మీద కేంద్రం వృత్తి శిక్షణ మండలి ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉన్న సంస్థ పేరు, జాతీయ నైపుణ్య కొలమానమైన ఎన్‌ఎస్‌క్యూఎఫ్ స్థాయి ఉంటే ఎక్కడైనా చెల్లుతుంది. కేంద్రం పేరు మాత్రమే ఉన్న రంగుల కాగితమైతే ఫ్రేము కట్టించుకోవడానికి పనికొస్తుంది.

పదో తరగతి దాటి, ఏడాది రెండేళ్లు ఆగగలిగే పరిస్థితి ఇంట్లో ఉంటే నా సలహా ఐటీఐ. మూడు నెలల కోర్సు మొదటి ఉద్యోగం దాకా తీసుకెళ్తుంది. ఐటీఐ ట్రేడు రెండో ఉద్యోగం, మూడో ఉద్యోగం దాకా వస్తుంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మల్లేపల్లి ఐటీఐ నుంచి మొదలైంది. మీ దగ్గర్లోని ఐటీఐ ఆ జాబితాలో ఉంటే కొత్త మిషన్ల మీద నేర్చుకునే వీలుంది, వదులుకోవద్దు.

అప్రెంటిస్‌షిప్ అనే అడ్డదారి

అడ్డదారి అన్నానని తప్పుగా అనుకోవద్దు, పొలం గట్టున పోయే దగ్గరి దారి లాంటిది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది అంతకుమించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను, అంటే పనిచేస్తూ నేర్చుకునేవాళ్లను, తీసుకోవాలి. అంటే మీ జిల్లాలోని ప్రతి మోస్తరు ఫ్యాక్టరీ గేటులోపలా మీలాంటివాళ్లకు కొన్ని కుర్చీలు చట్టమే వేసి పెట్టింది. స్టైపెండు కనీస మొత్తాలు 2019లో సవరించినప్పుడు తొమ్మిదిలోపు చదివినవాళ్లకు నెలకు 5,000, పదికి 6,000, ఇంటర్‌కూ ఐటీఐకీ 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలుగా పెట్టారు. అంతకన్నా తక్కువ ఇస్తామంటే ఒప్పుకోకండి. ఐటీఐ వాళ్లూ, చిన్న కోర్సులవాళ్లూ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా డిగ్రీ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. నాట్స్‌కు మన రెండు రాష్ట్రాల వ్యవహారం చూసేది చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి: చట్టం దృష్టిలో అప్రెంటిస్ ఉద్యోగి కాడు. పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, గడువయ్యాక ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు. పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదైందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి. నమోదు కాకుండా ‘ట్రైనీ’ అని పిలుస్తూ పూర్తి షిఫ్టు చేయించుకుంటుంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు, చౌక కూలి.

ఐదో అడుగు: జాబ్ మేళా రోజు

జూనియర్ కాలేజీ గ్రౌండులో షామియానా, స్టేజీ మీద నాయకులు, ఫ్లెక్సీ మీద ‘40 కంపెనీలు’. పదిన్నరకు మొదలు కావాల్సింది పన్నెండుకు మొదలవుతుంది. ప్రసంగాలు అయ్యేసరికి సగంమంది హెచ్‌ఆర్‌లకు రైలు టైమవుతుంది. కాబట్టి తొమ్మిదింటికే వెళ్లి, వచ్చిన కంపెనీల జాబితా చూసి మూడింటిని ఎంచుకుని, ఆ టేబుళ్ల దగ్గర ముందు నిలబడండి. స్టేజీ ముందు కుర్చీలో కూర్చోకండి. బయోడేటా కాపీలు పది, ఒక పెన్ను, మంచినీళ్ల సీసా, పులిహోర పొట్లం.

బయోడేటా ఒక పేజీ చాలు. తండ్రి పేరు, మతం, బరువు రాసి సగం పేజీ నింపడం మానేయండి. చేసిన పని ఏదైనా ఉంటే అది పైన రాయండి. ఎరువుల షాపులో ఆరు నెలలు లెక్కలు రాసినా, పెళ్లిళ్లకు లైటింగ్ వైరింగ్ చేసినా అది అనుభవమే. మన పిల్లలు అది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు.

టేబుల్ అవతల వాళ్లు జీతం చెప్పినప్పుడు సీటీసీ, అంటే మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు, చెబుతారు. చేతికొచ్చేది వేరు. ఒక లెక్క వేసి చూపిస్తాను. మొత్తం జీతం 16,000 అనుకోండి, అందులో బేసిక్, డీఏ కలిపి 12,000. కంపెనీ తన వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,440, ఈఎస్‌ఐ మూడుంపావు శాతం అంటే 520 కలిపి 17,960 అని లెక్క కట్టి, మీకు ‘18 వేల ప్యాకేజీ’ అంటుంది. ఆ 16,000లో మీ వాటా పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ ముప్పావు శాతం అంటే 120, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికొచ్చేది 14,290. హాస్టల్‌కూ మెస్‌కూ కోత ఉంటే అది ఇందులోంచే. ఇంటికి ఎంత పంపగలరో ఆ రాత్రే కాగితం మీద లెక్క వేసుకోండి. 18 వేలనుకుని వెళ్లి 11 వేలు చూసినవాడు నెల తిరక్కుండా బస్సెక్కేస్తాడు. అతనిది తప్పని ఎవరంటారు?

ఎంపికైతే ఆఫర్ లెటర్ తీసుకోండి, వాట్సాప్‌లో అయినా సరే. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. దాని మీద కంపెనీ పేరుందా, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ పేరుందా చూడండి. ఏజెన్సీ పేరున్నంత మాత్రాన చెడ్డదని కాదు. జీతం ఎవరిస్తారో, గొడవొస్తే ఎవరిని అడగాలో తెలిసుండాలి. యూనిఫాం అనో, డిపాజిట్ అనో, మెడికల్ టెస్టు అనో ముందుగా మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

ఆరో అడుగు: మొదటి మూడు నెలలు

ఉద్యోగం దొరకడం కన్నా నిలవడం కష్టం. మానేసినవాళ్లు చెప్పే కారణాలు పెద్దవేం కావు. సాంబారు పడలేదు, నైట్ షిఫ్టులో నిద్ర ఆగలేదు, రూములో మనవాళ్లు ఎవరూ లేరు, సూపర్‌వైజర్ తిట్టాడు, అమ్మ ఏడ్చింది. నలుగురు ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్తే నలుగురూ నిలబడతారు, ఒక్కడు వెళ్తే సాధారణంగా తిరిగొస్తాడు. అందుకే బ్యాచ్‌లో మీ మండలం వాళ్లు ఇంకెవరున్నారో చూసుకుని ఒకే చోట ఉద్యోగం అడగండి. ప్లేస్‌మెంట్ వాళ్లు కాదనరు, వాళ్లకూ అదే సుఖం.

గ్రామీణ కౌశల్య యోజనలో చేరినవాళ్లకు మొదటి నెలలు తట్టుకోవడానికి నెలకు 1,000 రూపాయల సాయం ఉంది. సొంత జిల్లాలో చేరితే రెండు నెలలు, జిల్లా దాటితే మూడు నెలలు, రాష్ట్రం దాటితే ఆరు నెలలు. జీతం బ్యాంకు ఖాతాలో పడిన ఆధారం చూపాలి. అడగనివాళ్లకు ఇది అందకుండా పోయిన సందర్భాలున్నాయి. కాబట్టి కేంద్రం వాళ్లను మొహమాటపడకుండా అడగండి.

రెండో నెల 15వ తేదీ దాటాక ఉమంగ్ యాప్‌లో మీ పీఎఫ్ పాసుపుస్తకం తెరిచి చూడండి. కోసిన డబ్బు జమ కాకపోతే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అడగండి. మీ పీఎఫ్‌కు ఇచ్చే యూఏఎన్ నంబరు జీవితాంతం ఒక్కటే. ఉద్యోగం మారినప్పుడల్లా కొత్తది పుట్టించుకుంటే తర్వాత కలపడానికి నానా తిప్పలు.

గల్ఫ్ కొలువైతే

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వాళ్లకు ఈ దారి కొత్త కాదు, మోసపోయిన కథలూ కొత్త కావు. విదేశీ కొలువులకు పంపడానికి తెలంగాణలో ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, ఆంధ్రలో ఓంక్యాప్ ఉంది. ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ఏజెంటు ద్వారా వెళ్లినా అతని లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనిపించాలి. అతను తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వాలి. లక్షా ఇరవై వేలు అడిగి ‘అది మామూలే’ అనేవాడికి లైసెన్సు ఉందో లేదో ఆ ఒక్క మాటే చెబుతుంది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనిమీద వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ దారిలో వెళ్తే పది లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడికెళ్లాక మారుస్తాం’ అంటే ఈ రక్షణ ఏదీ ఉండదు.

మనుషులు కావాల్సినవాళ్లకు రెండు మాటలు

ఇప్పటిదాకా పని వెతికేవాళ్లతో మాట్లాడాను. పని ఇచ్చేవాళ్లు కూడా ఇది చదువుతుండొచ్చు. రైసు మిల్లో, ఆసుపత్రో, గార్మెంట్ యూనిటో నడిపేవారు ‘మనుషులు దొరకడం లేదు’ అంటుంటారు, అడిగితే ఏ ఆఫీసుకూ ఖాళీ తెలిపినట్టుండదు. 25 మంది ఉన్న సంస్థలు తెలపాలన్న పాత పరిమితి కొత్త కోడ్‌లో 20కి దిగింది. దాన్ని ఇన్‌స్పెక్టర్ కోసం చేసే పనిగా చూడకుండా ఒకసారి వాడుకుని చూడండి. పోర్టల్‌లో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. అప్రెంటిస్‌ను తీసుకుంటే స్టైపెండులో నాలుగో వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

ఖాళీ రాసేటప్పుడు ‘హెల్పర్లు కావలెను’ అని వదిలేయకండి. ఏ మిషను, ఏ షిఫ్టు, చేతికెంత, ఉండటానికి చోటుందా, బస్సుందా రాయండి. దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌నో శిక్షణ కేంద్రాన్నో ఒక రోజు ఫ్యాక్టరీకి పిలిచి, నేర్పాల్సింది ఇదీ అని మీ మిషన్ దగ్గర నిలబెట్టి చూపించండి. వీలైతే మీ దగ్గర మూలపడిన పాత మిషనొకటి వాళ్లకివ్వండి. పిల్లలు దాని మీద చేయి తిప్పి వస్తే మొదటి నెల మీకు సరుకు పాడవదు. ఎంపికైనవాళ్ల తల్లిదండ్రులను చేరే ముందు ఒకసారి హాస్టల్ చూడ్డానికి రమ్మనండి. ఒక బస్సు డీజిలు ఖర్చు. మా దగ్గర ఒక యూనిట్ అలా చేసింది. ఆ బ్యాచ్‌లో 22 మంది ఆడపిల్లలు చేరితే సంక్రాంతికి ఇంటికొచ్చి, కనుమ మర్నాడు 19 మంది తిరుగు బస్సెక్కారు.